మగ్గం పక్కన సర్వరు

జూన్ 12, గురువారం

కొత్త యంత్రం వచ్చింది. దాన్ని సర్వరు అంటారు. నల్లగా, బరువుగా, పెళ్ళివారి సూట్‌కేసులా ఉంది. ఆషాఢం రాకముందే తెప్పించాలని పట్టుబట్టింది నేనే. దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలో, ఎల్బీనగర్ దుకాణంలో బిల్లులన్నీ ఇక దీని నుంచే వస్తాయట. ఇది ఆగితే రెండు చోట్లా చీరలమ్మకం ఆగుతుంది. అంత పెద్దమనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలని నా కొడుకు హరిప్రసాద్ తల గోక్కుంటే, వెనక గదిలో నా మగ్గం పక్కన పెట్టమన్నాను. తాళం ఉండేది, ఎప్పుడూ మనిషి ఉండేది ఆ గది ఒక్కటే. ఆ మనిషిని నేను.

పేరున్న కంపెనీదే కొనమన్నదీ నేనే. మూడేళ్ళ గ్యారంటీ. కాగితం మీద ముద్ర కళ్ళారా చూశాను. నాకు ఇంగ్లీషు రాదు, ముద్ర వస్తుంది.

నా భార్య కొమురమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి, "ఎన్ని గంటలు పనిచేస్తదే ఇది?" అని కోడలిని అడిగింది.

"ఇరవై నాలుగు గంటలు అత్తమ్మా. పాతదాని లెక్క రాత్రికి బందు పెట్టేది లేదు," అంది సుచిత్ర.

"అయ్యో పాపం!" అంది కొమురమ్మ.

నాకూ అదే అనిపించింది. పైకి అనలేదు. ఆడవాళ్ళ ముందు యంత్రం మీద జాలిపడితే చులకనవుతాం.

జూన్ 15, ఆదివారం

సిస్టం లేని యంత్రం పడుగు దారాలు లేని మగ్గమట. సుచిత్ర ఇవాళ సిస్టం ఎక్కించింది. పేరు లైనక్స్. ఉత్తగ, పైసా కట్టకుండా వస్తుందట. ఉత్తగ వచ్చేదాన్ని నేను నమ్మను.

"ఉత్తగ ఎందుకిస్తరు బిడ్డా?"

"అందరు కలిసి నేస్తరు మామా. ఎవలన్న వాడుకోవచ్చు. తప్పు కనిపిస్తె ఎవలన్న దిద్దొచ్చు."

"అందరు నేసిన చీర ఎవరిదైతది మరి?"

"కట్టుకున్నోళ్ళది."

జవాబు బాగుంది. బాగుందని చెప్పలేదు. కోడళ్ళకు ఊరికే చెప్పకూడదు.

హరికి ఇది ఇష్టం లేదు. గౌతమ్ అని ఒక పిల్లగాడున్నాడు, ఎల్బీనగర్‌లో ఆఫీసు. ఏడాదికింత అని కట్టే సిస్టం వేస్తాడు, చూసుకునే మనుషుల్ని కూడా వాడే పెడతాడు. అప్పుడు సుచిత్రకు ఇక్కడ పని ఉండదు. ఆమె పెద్ద దవాఖానలో కంప్యూటర్ల ఉద్యోగం మానుకుని మా దుకాణానికి వచ్చింది. ఉంటే ఎంత, పోతే ఎంత, నాకేం.

జూన్ 19, గురువారం

మూసారాంబాగ్ స్టేషన్‌లో నిలబడి మెట్రో రైలు పోవడం చూశాను. ఆ బొమ్మను చీర కొంగు మీదికి దింపితే? సుచిత్రకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కంప్యూటర్‌లో గళ్ళ కాగితం తెరిచి, "చెప్పు మామా, మొదటి పెట్టె ఏడికెల్లి?" అంది. నేను చెప్పడం, ఆమె గళ్ళు నింపడం. అన్నం కూడా మగ్గం పలక మీదే తిన్నాం. రైలు ఇంకా స్టేషన్ దాటలేదు.

జూన్ 25, బుధవారం. అమావాస్య

మగ్గానికి సెలవు. పోచంపల్లిలో మా తాత, మా నాయిన అమావాస్య నాడు మగ్గం ఎక్కలేదు. దిల్‌సుఖ్‌నగర్ వచ్చినంత మాత్రాన నేను ఎక్కుతానా? తెల్లారగానే వచ్చి మగ్గం మీద తెల్లబట్ట కప్పి దీపం పెట్టాను.

పక్కన వీడు గుర్రుమంటూనే ఉన్నాడు. ఒకే గదిలో ఒకరికి సెలవు, ఒకరికి పనా? రోజంతా కుదరకపోయినా ఒక పూట ఇవ్వాలి. గోడ స్విచ్ తీశాను. కింద ఉన్న బ్యాటరీ డబ్బా చంటిపిల్లలా కుయ్ కుయ్ అంది. దాన్ని కూడా గట్టిగా అదిమాను. ఊరుకుంది. గది ఎంత హాయిగా ఉందో.

కొత్తపేట రైతుబజారుకు పోయి బీరకాయలు తెచ్చుకుని, దుకాణం తెరిచేలోపు మళ్ళీ లేపాను. పచ్చలైట్లు వచ్చాయి.

అదే రోజు సాయంత్రం

పొద్దున్నుంచీ బిల్లులు రాలేదు. రెండు దుకాణాల్లోనూ చేత్తో రాశారు. అందులో దాచిన మెట్రో కొంగు బొమ్మ కూడా పోయింది. సుచిత్ర అన్నం తినకుండా దాని ముందే కూర్చుంది. లోపల ఏవేవో ముక్కలైపోయాయట, అతుకుతోంది.

"ఉత్తగొచ్చినదానికి గింతకన్న ఏం ఒస్తది?" అన్నాడు హరి.

నేనూ అదే అన్నాను.

జూలై 3, గురువారం

యంత్రం అమ్మిన కంపెనీతో సుచిత్ర వారం నుంచి మాట్లాడుతోంది. వాళ్ళు రామంటున్నారట. గ్యారంటీ తెచ్చింది నేను, కాబట్టి ఇవాళ ఫోను నేనే అందుకున్నాను. స్పీకర్ పెట్టి, నేత ఆపకుండానే మాట్లాడాను. పనిలేని ముసలోడు అనుకోకూడదు కదా.

"నమస్కారమండీ, నా పేరు విజయదుర్గ. ఆ టకటక శబ్దం ఏంటండీ?"

"నా మగ్గం. నా పేరు మారయ్య. మూడేళ్ళ గ్యారంటీ ఇచ్చిండ్రు. నెల గూడ గాలె. మనిషిని ఎప్పుడు తోలుతరు?"

"మీ మెషీన్‌లో వేసిన సిస్టం మా లిస్టులో లేదండీ. లిస్టులో ఉన్నవి మేం ముందే వేసి చూసుకుంటాం. లేనివాటికి సపోర్ట్ ఇవ్వలేమండీ."

"యంత్రం మీదే కద?"

"మాదేనండీ."

"అమ్మా, నేను చీర అమ్ముత. రంగు దిగిందని ఒకామె తెస్తె, నువ్వు ఉతికిన సబ్బు నా లిస్టుల లేదు, పో అంటనా?"

"చాలా దుకాణాల్లో అలాగే అంటారండీ, బాబాయిగారూ."

తల ఎత్తి చూశాను. మా దుకాణం గోడ మీద పెద్ద అక్షరాలతో అదే రాసి ఉంది. సబ్బు పేర్లతో సహా.

ఇంకొకసారి మాట్లాడతానని పెట్టేశాను.

జూలై 4, శుక్రవారం

సుచిత్ర వివరంగా చెప్పింది. ఆ లిస్టులో డబ్బు కట్టే సిస్టం ఒకటి ఉందట. అదీ మాదీ ఒక్క నేతే. దానికి ముద్ర ఉంది, మాదానికి లేదు. ముద్ర ఉన్నదాన్నే వాళ్ళు తమ బిడ్డ అంటారు.

నాకు ఒళ్ళు మండింది. ముద్ర వేరు, నేత వేరు అని నాకు ఇంకొకరు చెప్పాలా? సుచిత్ర కోసం కాదు గానీ, ఆ కంపెనీని వదిలేది లేదు.

జూలై 9, బుధవారం

విజయదుర్గకు ఫోను చేశాను. లిస్టులో లేదంది.

జూలై 14, సోమవారం

చేశాను. లేదంది. భోజనం చేశారా అని మాత్రం అడిగింది.

జూలై 24, గురువారం. అమావాస్య

దీపం పెట్టాను. అన్నిటికీ సెలవు. ఈసారి డబ్బా ఎక్కువ ఏడవలేదు, అలవాటు పడ్డట్టుంది.

జూలై 25, శుక్రవారం

నిన్న మళ్ళీ పడిపోయింది. శ్రావణం మొదలయ్యే ముందురోజు! ఎల్బీనగర్ దుకాణంలో పెళ్ళివాళ్ళు బిల్లు కోసం కూర్చుని కూర్చుని, ఏరిపెట్టుకున్న చీరలన్నీ అక్కడే వదిలి లేచిపోయారు.

గౌతమ్ వచ్చాడు. మెరిసే బూట్లు. మగ్గం గదిలోకి బూట్లతో రాబోయాడు. ఆపాను.

"ఫ్రీగా వచ్చేవి ఇంట్లో ఆడుకోవడానికి బాగుంటాయి అంకుల్. బిజినెస్‌కి పనికిరావు."

"నీ సిస్టం ఎన్నడు పడదా?"

"పడితే మేముంటాం కదా అంకుల్!"

సుచిత్ర కళ్ళు ఎర్రగా ఉన్నాయి. హరి ఆమెకు గడువు పెట్టాడు: శ్రావణం అయ్యేదాకా చూస్తాడు, ఇంకొక్కసారి పడితే దీన్ని తీసేసి గౌతమ్‌కు అప్పజెప్తాడు. ఇందులో నేను కల్పించుకోలేదు. వాళ్ళ మొగుడూపెళ్ళాల సంగతి.

జూలై 31, గురువారం

సుచిత్రకు ఫోను వచ్చింది. హైటెక్ సిటీలో ఉద్యోగమట. "కొన్ని రోజులాగి చెప్త," అంది. నేను మగ్గం మీద ఉన్నాను, వినలేదు.

ఆ పక్కకు పోతే మెట్రోలో పోవాలి. పొద్దున పోయి రాత్రికి రావాలి. అన్నం అక్కడే తినాలి.

నాకేం.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. గుమ్మం బయటిదాకా జనం. యంత్రం ఒక్కసారి కూడా దగ్గలేదు. పొద్దుగూకేసరికి సుచిత్ర దాని నెత్తి మీద చెయ్యి వేసి, "శభాష్ కొడకా," అంది. మెట్రో కొంగు మళ్ళీ మొదటి నుంచి గీశాం. రైలు స్టేషన్ దాటింది. చైతన్యపురి వైపు తిప్పాలా, మలక్‌పేట వైపా అని వాదన.

ఆగస్టు 13, బుధవారం

విజయదుర్గతో మాట్లాడాను. లిస్టు సంగతి ఆమే మొదలుపెట్టబోతే, "ఉండనీ అమ్మా, ఊరికే చేసిన," అన్నాను. ఆమె పిల్లవాడికి జ్వరమట. శొంఠి కషాయం చెప్పాను.

ఆగస్టు 23, శనివారం. అమావాస్య

పొద్దున: దీపం, సెలవు, రైతుబజారు.

పదింటికి: పడిపోయింది.

హరి కేకలు వేయలేదు. అదే నన్ను భయపెట్టింది. ఎవరి వైపూ చూడకుండా, "సోమవారం గౌతమ్ కాగితాలు తెస్తడు," అన్నాడు. సుచిత్ర తన బల్ల మీది వైర్లు చుట్టలు చుట్టి సంచిలో పెట్టుకుంది. గోడకు అంటించిన మెట్రో కొంగు బొమ్మ తీసి నా చేతిలో పెట్టి, "ఇది నీ తాన ఉంచుకో మామా," అంది.

నాకు రోషం వచ్చింది. వెనక గది తలుపేసుకుని విజయదుర్గకు ఫోను చేశాను. ఇవాళ ఎంత మాటయినా అనాలనుకున్నాను. అన్నాను కూడా. మూడుసార్లు పడ్డది, నా కోడలి పని పోతోంది, మీరు కంపెనీయా కొరివిదయ్యాలా అని. ఆ పిల్ల అంతా విన్నది.

"బాబాయిగారూ, ఇవాళ టకటక లేదేంటండీ?"

"ఇయ్యాల అమాస. నేను మగ్గమెక్క."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడయింది.

"మాది మంగళగిరి అండీ. మాదీ మగ్గాల ఇల్లే. అమావాస్య వస్తే మా తాతగారు గ్రైండరు కూడా వేయనిచ్చేవారు కాదు," అంది.

"మంచి మనిషి."

"మీ రెండో కంప్లయింటు జూలై ఇరవై నాలుగునండీ. మొదటిది జూన్ ఇరవై అయిదున. నా బల్ల మీద క్యాలెండర్ ఉంది బాబాయిగారూ."

"ఉండనీ."

"పొద్దున్న మగ్గం ఒక్కటే ఆపారాండీ? ఇంకేమైనా ఆపారా?"

ఫోను పెట్టేశాను. సిగ్నల్ పోయింది. తలుపు తీసిన కొమురమ్మకూ అదే చెప్పాను, సిగ్నల్ పోయిందని.

అదే రోజు

మళ్ళీ విజయదుర్గే చేసింది. ఎత్తాను, స్విచ్ తీసిన సంగతి చెప్పేశాను. సుచిత్ర ఆ యంత్రానికి రోజూ తెల్లవారుజామున లెక్కలన్నిటికీ ఇంకో నకలు తీసే పని పెట్టిందని కంప్లయింటులోనే ఉందట. అది రాసుకుంటున్నప్పుడే నేను కరెంటు లాగేస్తున్నానట.

"నేస్తుండగా పడుగు కోసినట్టండీ," అంది విజయదుర్గ.

ఇలా చెప్తే ఎవరికి అర్థం కాదు?

"మరి రెండు నెలలు లిస్టు లిస్టు అని ఎందుకన్నరు? ముందే అడగాలె కద!"

"అది మా తప్పేనండీ. లిస్టులో లేదని తెలియగానే ఇక్కడ ఎవరూ ఇంకేమీ అడగరు. నేనూ అడగలేదు."

"మీ లిస్టుల అమాస లేదు."

"లేదండీ," అని నవ్వింది.

వేరే కారణం ఏదన్నా రాయరాదా తల్లీ అని అడిగాను. పిడుగు పడిందనో, ఎలుక కొరికిందనో.

"మా కంపెనీకి ఏదో ఒకటి రాస్తాను బాబాయిగారూ. మీ కోడలికి మీరేం చెప్తారు?"

ఈ పిల్లకు పెద్దలంటే భయం లేదు.

ఆగస్టు 24, ఆదివారం

ఏమీ జరగలేదు. రాయడానికి ఏమీ లేదు.

కొమురమ్మ మాత్రం పప్పు వడ్డిస్తూ, "ఊరందరి మీద లేస్తది నీ నోరు. నీ మీద నీకు లేవదా?" అంది. ఈమెకు ఎవరు చెప్పారు? నలభై ఏళ్ళుగా ఎవరూ చెప్పకుండానే అన్నీ తెలుస్తున్నాయి ఈమెకు.

ఆగస్టు 25, సోమవారం

గౌతమ్ వచ్చాడు. బూట్లు బయటే విడిచాడు, నేర్చుకున్నాడు. కాగితాలు మగ్గం పలక మీద పరిచాడు. హరి పెన్ను మూత తీశాడు. సుచిత్ర సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఆగు," అన్నాను. "యంత్రానికి నేనే సెలవిచ్చిన."

"ఏంది బాపు?" అన్నాడు హరి.

"అమాసకు. స్విచ్ తీసిన. డబ్బా కూడ అదిమిన. మూడు అమాసలు. రైతుబజారుకు పోయొచ్చి మళ్ల పెట్టిన. పనిచేసే దేనికైన ఒక పూట సెలవు ఉండాలె. అది నా ఇంటి పద్ధతి. అయితే అది అప్పుడు నేస్తుంటదని నాకు తెల్వది."

ఇంతే అన్నాను. హరి గౌతమ్ వైపు తిరిగాడు.

"నీ సిస్టం అయితె ఏమైతుండె?"

గౌతమ్ కాస్త తటపటాయించాడు. "కరెంటు లాగితే ఏదైనా పోతదన్నా," అన్నాడు. నిజం చెప్పాడు. అందుకు వాడికి టీ తెప్పించాను.

హరి పెన్నుకు మూత పెట్టాడు. నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు. నాకు సంతోషమే వేసింది, పని గట్టెక్కిందని.

సుచిత్ర నవ్వలేదు.

"రెండు నెల్ల సంది నేనే ఏదో తప్పు చేసిన అనుకుంటున్న మామా. కంటి నిండ నిద్ర పోలే. నువ్వు నా పక్కనే కూసొని అన్నం తిన్నవు."

వెళ్ళిపోయింది. సంచి తీసుకునే వెళ్ళింది.

ఆగస్టు 26, మంగళవారం

సుచిత్ర మాట్లాడలేదు.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. ఉండ్రాళ్ళు పెట్టింది. మాట్లాడలేదు.

ఆగస్టు 30, శనివారం

"ఉప్పు సరిపోయిందా?" అంది. నా వైపు చూసే అంది. లెక్కలోకి తీసుకోవచ్చా?

కొమురమ్మను అడిగితే, "పిల్లికి కూడ గంత ముచ్చట చెప్తది," అంది.

సెప్టెంబర్ 2, మంగళవారం

సుచిత్ర దుకాణానికి వచ్చింది. యంత్రాన్ని మళ్ళీ నిలబెట్టింది. బ్యాటరీ డబ్బా మీద ఒక కాగితం అంటించింది. "మామ ముట్టరాదు" అని, చాటంత అక్షరాలతో.

నాకు చదవడం వచ్చని ఆమెకు నమ్మకం ఉంది. అది చాలు.

సెప్టెంబర్ 6, శనివారం

టీవీలో బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం చూశాం. "అంత పెట్టి కొన్నదానికి గ్యారంటీ ఉంటదంటవా?" అన్నాను, ఎవరినీ ఉద్దేశించకుండా.

"లిస్టుల ఉంటె ఉంటది," అంది సుచిత్ర, అదీ ఎవరినీ ఉద్దేశించకుండా.

ఇది మాత్రం లెక్కలోకి వస్తుంది.

సెప్టెంబర్ 10, బుధవారం

హైటెక్ సిటీ వాళ్ళు మళ్ళీ ఫోను చేశారు. "రాను సార్, ఈడ పనున్నది," అంది. నేను మగ్గం మీద ఉన్నాను, వినలేదు.

మధ్యాహ్నం టమాటా చారు చాలా బాగుంది. రోజూ అదే చారు.

సెప్టెంబర్ 21, ఆదివారం. పెత్తరమాస, పెద్దల అమావాస్య

తెల్లారి స్నానం చేసి మగ్గానికి దీపం పెడుతుంటే సుచిత్ర వచ్చింది. ఇవాళ ఎంగిలిపూల బతుకమ్మ. కొమురమ్మకు తెచ్చిన తంగేడు, గునుగు పూల సంచి చేతిలో ఉంది. నేను డబ్బాకు దూరంగా, గోడవారగా, చేతులు వెనక్కు కట్టుకుని నిలబడ్డాను. ఎందుకైనా మంచిది.

"రా మామా, నకలు తీసుడు అయిపోయింది. ఇప్పుడు సెలవియ్యొచ్చు," అంది.

కీబోర్డు మీద ఏదో కొట్టి, "ఈడ ఒత్తు," అని చూపించింది. ఒత్తాను. లైట్లు ఒకటొకటిగా ఆరాయి. గుర్రుమనడం తగ్గి తగ్గి, చీర కోత పడ్డాక మగ్గం ఆగినట్టు ఆగింది. కుయ్ అనలేదు. ఎవరూ ఏడవలేదు.

యంత్రం నెత్తి మీద ఒక తంగేడు పువ్వు పెట్టబోయాను.

"లోపలికి పోతయి మామా రేకులు!"

మగ్గం మీద పెట్టాను.

కాసేపటికి విజయదుర్గ ఫోను చేసింది, ఇవాళ సెలవిచ్చారా అని. పాత కంప్లయింట్లు మూసేసిందట. కారణం ఏమని రాశావమ్మా అంటే, "స్థానిక సెలవు, అని రాశానండీ," అంది. లిస్టులో లేని సిస్టం అయినా సరే, ముందు ఏం జరిగిందో అడిగి ఆ తర్వాతే లిస్టు చూస్తానంది. ఆమె ఒక్కతే. కంపెనీ మాట కాదు. ఒక్కతయినా చాలు, మగ్గం ఎరిగిన పిల్ల.

సుచిత్ర ఇంకో మాట చెప్పింది. ఇటువంటి యంత్రాన్ని నెలకొకసారి పద్ధతిగా ఆపి, కొత్తవి ఎక్కించి, మళ్ళీ లేపితేనే మంచిదట. ఇక నుంచి అమావాస్య పొద్దునే ఆ పని పెట్టుకుంటుందట. ఆ ఒత్తడం మాత్రం నా చేత్తోనే.

ఎంత చదివితే ఏముంది? వీళ్ళందరూ నా దారికి రావడానికి మూడు అమావాస్యలు పట్టింది.